జామీను ఎవరు?

విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ అనే సంస్థ ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌లో ఉంది. 1979లో దాన్ని రిజిస్టరు చేయించింది నెదర్లాండ్స్‌లో. దాని గురించి మొదటి మాటలు నడిచింది 1975లో, మెక్సికో నగరంలో. పేదింటి ఆడవాళ్లకు చిన్న చిన్న అప్పులిచ్చే సంస్థలను దేశాల ఎల్లలు దాటి ఒక చోట చేర్చిన తొలి సంఘాల్లో అదొకటి. దాని పుట్టుపూర్వోత్తరాలు చూసి రావాలనుకునేవాళ్లు పాస్‌పోర్టు పట్టుకుని బయల్దేరాలి. నేను బెజవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ సంఘానికి పునాది వేసినవాళ్లలో ఇలా భట్ ఒకరు. మెక్సికోకు వెళ్లేనాటికే ఆవిడ కూరగాయల బుట్టలు మోసే ఆడవాళ్ల చేత ఒక బ్యాంకు పెట్టించారు. ఆ బ్యాంకు పెట్టిన ఊరు అహ్మదాబాద్. మనకు ఒక్క రైలు దూరం.

నవజీవన్ మద్రాసులో బయల్దేరి నెల్లూరు, ఒంగోలు, బెజవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగా పోతుంది. గాంధీ గుజరాతీలో నడిపిన పత్రిక పేరూ ఇదే. మర్నాడు పొద్దున కిటికీలోంచి జల్‌గావ్ అరటితోటలు కనిపించేసరికి, పెట్టెలో సగం మంది తెలుగువాళ్లేనని తేలింది. అహ్మదాబాద్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. ఎక్కువమంది సూరత్‌లో దిగే పద్మశాలీలు. నా ఎదుటి బెర్తులో కూర్చున్నాయన సర్వపిండి తుంచి చేతిలో పెడుతూ తన సంగతి చెప్పాడు.

"మాది సిరిసిల్ల సార్. మా నాయన మగ్గం మూలకు వెట్టి సూరత్ వొయిండు. నేను గాడనే పుట్టిన."

నేను ఏ పని మీద వెళ్తున్నానో చెబితే నవ్వాడు. "బ్యాంకు చూసుటానికా? మాకు బ్యాంకోడు ఎందుకిస్తడు సార్? ఇల్లు కిరాయిది, సాంచాలు సేటువి. ఎవలన్న జామీను ఉంటెనే అప్పు. ఊరోనికి ఊరోడే జామీను. వాడు పారిపోతే వీని గతి అంతే."

నేను పుస్తకాల్లో చదువుకుని వెళ్తున్న చరిత్రకు అసలు ప్రశ్న అదే. అప్పు ఎవరైనా ఇస్తారు. జామీను ఎవరు నిలబడతారు? నిలబడినవాళ్ల మీద ఎంత భారం పడుతుంది? సూరత్ వచ్చింది, ఆయన దిగిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం మిగతా దారంతా నాతోనే ఉంది.

అహ్మదాబాద్ స్టేషన్ ఉన్న పేట పేరు కాలూపూర్. అక్కణ్నుంచి దక్షిణంగా ఆటోలో కాసేపు పోతే సారంగ్‌పూర్, రాయపూర్ దర్వాజాల వైపు టోకు బట్టల బజార్లు వస్తాయి. ఒకప్పుడు ఈ ఊరి ఆకాశమంతా మిల్లు గొట్టాలేనట. 1980ల్లో మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. బజారు మాత్రం పడుకోలేదు. సందుల్లో స్కూటర్లు, టెంపోలు, తోపుడు బండ్లు. వాటి మధ్య నుంచి తల మీద చుట్టకుదురు, దాని మీద గుడ్డతాన్ల మూట పెట్టుకుని నడిచే ఆడవాళ్లు. ఒకావిడ దుకాణం మెట్ల మీద కూర్చుని తర్వాతి మూట కోసం చూస్తోంది. చుట్టకుదురు తీసి ఒళ్లో పెట్టుకుంది. పాత చీర ముక్క పేని, దారంతో బిగించి కుట్టినది. నడుమ గుండ్రం అరిగి నున్నబడింది. గుమాస్తా పిలవగానే లేచి, ఇద్దరు ఎత్తి పెట్టిన మూట తల మీద సర్దుకుని, మెడ కాస్త కూడా వంచకుండా సందు మలుపు తిరిగింది.

కథ ఇలాంటి మెట్ల మీదే మొదలైంది. 1971లో ఈ బజారులో బండ్లు లాగే వలస ఆడవాళ్లు, ఉండటానికి గూడు లేక రోడ్ల మీద కాపురముంటూ, మజూర్ మహాజన్ గడప తొక్కారు. మజూర్ మహాజన్ అంటే మిల్లు కార్మికుల సంఘం. 1918 మిల్లు సమ్మె తర్వాత, అనసూయా సారాభాయ్, గాంధీ అండతో 1920లో ఏర్పడింది. దాని మహిళా విభాగాన్ని అప్పుడు చూస్తున్నది ఇలా భట్. ఆవిడ లాయరు. 1955లో ఆ సంఘంలో చేరారు. తర్వాత టెల్ అవీవ్ వెళ్లి కార్మిక సంఘాల గురించి, సహకార సంఘాల గురించి చదివి వచ్చారు. అక్కడ యూనియన్, సహకార సంఘం రెండూ చెట్టపట్టాలేసుకుని నడవడం కళ్లారా చూశారు.

ఇలాబెన్ ఆ ఆడవాళ్ల వెంట బజారుకు వచ్చారు. వచ్చాక మూటలు మోసేవాళ్ల బాధ కూడా తెలిసింది. ఒక్కో విడతకు ఇంత అని కూలి. ఎన్ని విడతలు మోశారో రాసిపెట్టే కాగితం లేదు. దూరం ఎక్కువైనా తక్కువైనా అదే కూలి. సేటు ఎంత లెక్క చెబితే అంత. ఆవిడ ఈ సంగతి స్థానిక పత్రికలో రాశారు. వర్తకులకు కోపం వచ్చింది. మేము న్యాయంగానే ఇస్తున్నాం, ఇదిగో ఇంత ఇస్తున్నాం అని వాళ్లూ పత్రికలో రాయించారు. ఇలాబెన్ ఆ మాటలనే కార్డుల మీద అచ్చువేయించి మూటలు మోసేవాళ్ల చేతికిచ్చారు. కూలి దగ్గర పేచీ వచ్చినప్పుడల్లా సేటుకు ఆయన మాటే చూపించవచ్చు. ఆవిడ పనితీరు నాకు ఆ కార్డు దగ్గర బోధపడింది. ఎదుటివాడు నలుగురిలో అన్న మాటను కాగితం మీదికి దించడం, ఆ కాగితాన్ని ఏ ఆధారమూ లేని మనిషి చేతిలో పెట్టడం.

ఆ కబురు ఊళ్లో పాకి పాత బట్టల వ్యాపారం చేసే ఆడవాళ్లు వచ్చారు. మనకు తెలిసినవాళ్లే వాళ్లు. వీధి వీధీ తిరిగి, స్టీలు గిన్నెలిచ్చి పాత చీరలు పట్టుకుపోయేవాళ్లు. వందమందికి పైగా ఒక పార్కులో కూడారు. మాటల మధ్యలో గుంపులోంచి ఒకావిడ, మనకంటూ సొంత సంఘం ఉండాలని అంది. 1971 డిసెంబరులో 'సేవా' అలా పుట్టింది. పూర్తి పేరు సెల్ఫ్ ఎంప్లాయిడ్ విమెన్స్ అసోసియేషన్. రిజిస్ట్రేషన్ దగ్గర కార్మిక శాఖ అడ్డం తిరిగింది. వీళ్లకు యజమాని లేడు కదా, యూనియన్ పెట్టి ఎవరితో పోట్లాడతారు అన్నది అభ్యంతరం. ఆడవాళ్లు ఒకటిగా నిలబడటానికే సంఘం, ఎవరి మీదికో పోవడానికే అక్కర్లేదన్నది జవాబు. ఆ వాదన నెగ్గడానికి 1972 ఏప్రిల్ దాకా పట్టింది.

భద్ర కోట దగ్గర, ఎల్లిస్ బ్రిడ్జికి ఊరి వైపు, విక్టోరియా గార్డెన్ ఎదురుగా సేవా కార్యాలయం ఉంటుంది. తోటకు ఇప్పుడు లోకమాన్య తిలక్ పేరు. కార్యాలయం మెట్ల దగ్గర చెప్పుల వరస. లోపలికీ బయటికీ ఆడవాళ్ల రాకపోకలు. నేను తోటలో చెట్టు కింద కూర్చుని ఆ గడప వైపు చాలాసేపు చూశాను. గొప్ప చరిత్ర ఉన్న చోట్ల మనం ఏవో శిలాఫలకాలు వెతుకుతాం. ఇక్కడ వచ్చే ప్రతి మనిషికీ ఏదో తక్షణమైన పని ఉంది. రేషన్ కార్డో, బీమా కాగితమో, బీడీ కూలి తగాదానో.

అక్కణ్నుంచి తీన్ దర్వాజా దాటి, 1424 నాటి జామా మసీదు పక్కగా నడిస్తే మాణెక్ చౌక్. పగలు వెండి, బంగారం బేరాలు. రాత్రి అదే స్థలంలో తిండి దుకాణాలు. అక్కడ మన దోశ గ్వాలియర్ దోశ అన్న పేరుతో, చీజు పొరల కింద గుర్తుపట్టరాని వేషంలో కనబడుతుంది. తిన్నాను. దోశ పక్కన చట్నీ మాత్రం పుట్టింటి పరువు నిలబెట్టింది. ఈ చౌకునూ, రాణీల సమాధులున్న హజీరా సందునూ ఆనుకుని పొద్దుటి పూట కూరగాయలు, ఆకుకూరలు అమ్మేవాళ్లుంటారు. వాళ్లు ఇక్కడ కూర్చోవడం మునిసిపాలిటీ దయ వల్ల రాలేదు. 1980ల్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి సాధించుకున్న హక్కు.

1970ల మొదట్లో ఇక్కడి ఆడవాళ్ల లెక్క ఇలా ఉండేది. పొద్దున వడ్డీవ్యాపారి దగ్గర 50 రూపాయలు తీసుకుని టోకు మార్కెట్లో సరుకు ఎత్తాలి. సాయంత్రం 55 రూపాయలు తిరిగి కట్టాలి. రోజుకు నూటికి పది. మర్నాడు పొద్దున మళ్లీ అదే 50. తెలంగాణలో దీన్నే గిరిగిరి అంటారు. బెజవాడలో కాల్‌మనీ అంటారు. ఏడాది పొడుగునా ఆ 50 రూపాయలు ఆవిడ చేతిలో పడుతూనే ఉంటాయి, ఏనాడూ ఆవిడవి కావు. బుట్ట కూడా అద్దెదే, తోపుడు బండి కూడా అద్దెదే.

1969లో పెద్ద బ్యాంకులు జాతీయమయ్యాయి. పేదలకు అప్పులివ్వమని ప్రభుత్వం చెప్పింది. సేవా మధ్యవర్తిగా నిలబడి తన సభ్యులను ఆ బ్యాంకులకు పంపింది. అక్కడ రెండు వైపులా చిక్కులు వచ్చాయి. చంకన పిల్లలతో, మట్టి కొట్టుకున్న చీరలతో, చిల్లర మూటలతో కౌంటరు దగ్గర నిలబడితే గుమాస్తాలకు చిరాకు. ఆ ఆడవాళ్లకేమో బ్యాంకు వేళలు తెలియవు, ఫారాలు తెలియవు. కిస్తీ కడదామని వస్తే ఫలానా రోజే రావాలంటారు. ఇంట్లో దాచుకుందామంటే మొగుడో కొడుకో తీసేస్తాడు. అప్పు దొరకడం కన్నా ముందు, డబ్బు భద్రంగా పెట్టుకునే చోటు వాళ్లకు కావాలి.

1973 డిసెంబరులో జరిగిన సమావేశంలో పాత బట్టల వ్యాపారి ఒకావిడ, మనమే ఒక బ్యాంకు పెట్టుకుంటే పోలేదా అంది. దానికి డబ్బు కావాలి, మనం పేదవాళ్లం అన్నారెవరో. పేదవాళ్లమే గానీ చాలామందిమి ఉన్నాం కదా అన్నది ఆవిడ జవాబు. నాలుగు వేలమంది తలా 10 రూపాయలు వాటాధనం వేశారు. ఒక్క బుట్ట సరుకుకే పొద్దున అప్పు చేసేవాళ్లకు ఆ రోజుల్లో 10 రూపాయలంటే చిన్న మాట కాదు.

తర్వాత రిజిస్ట్రార్ గండం. బ్యాంకు పెడతామంటున్న 15 మంది ప్రమోటర్లకు సంతకాలు రావు. వేలిముద్రలతో బ్యాంకు ఎలా నడుపుతారని అధికారుల సందేహం. ఒక రాత్రంతా కూర్చుని వాళ్లు తమ పేర్లు రాయడం నేర్చుకున్నారు. పొద్దున్నే వెళ్లి తప్పు లేకుండా సంతకం పెట్టాలి. ఆ రాత్రి గురించి సేవా మనుషులు ఇప్పటికీ తమ ఇంట్లో జరిగిన పెళ్లి సంగతి చెప్పినట్టు చెబుతారు. అంతవరకు వాళ్లలో చాలామంది ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి తల్లి. కాగితం మీద పూర్తి పేరు రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. 1974లో మహిళా సేవా సహకారీ బ్యాంకు రిజిస్టరయింది. సంతకం రానివాళ్ల కోసం పాస్‌బుక్కులో ఫోటో అంటించారు. సంతకం తేడా అన్న సాకు అలా పోయింది.

మాణెక్ చౌక్ పక్క సందులో మెంతికూర కట్టలు కడుతున్న ఒక ముసలావిడ దగ్గర ఆగాను. నా హిందీ అంతంతమాత్రం, ఆవిడ హిందీలో గుజరాతీ పాలు ఎక్కువ. బ్యాంకు మాట ఎత్తగానే చేతులు తుడుచుకుని, బొడ్లోంచి చిన్న గుడ్డసంచి తీసింది. దాంట్లో ప్లాస్టిక్ కవరు. కవర్లో పాస్‌బుక్కు. ఫోటోలో ఆవిడకు నల్లటి జుట్టుంది, ముక్కున పెద్ద పుడక ఉంది. ఇప్పుడు జుట్టు నెరిసింది, పుడక లేదు. పుడక గురించి అడిగాను. కూతురి పెళ్లిలో ఇచ్చేశానంది. "బండి కొన్నాను, అప్పు తీర్చాను. ఇల్లు పైకి లేపాను, అప్పు తీర్చాను. ఇది మాత్రం ఎవరికీ ఇవ్వను భాయ్" అని పాస్‌బుక్కు మళ్లీ సంచిలో పెట్టుకుంది. ఈలోపు కొనడానికి వచ్చినావిడ కొత్తిమీర ఉచితంగా వేయమని పేచీ పెట్టింది. నన్ను వదిలేసి ఆ పేచీలో పడిపోయింది ఆవిడ.

ఇంక మెక్సికో సంగతి.

ఐక్యరాజ్యసమితి 1975ను అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించి, జూన్, జూలై నెలల్లో మెక్సికో నగరంలో మొదటి ప్రపంచ మహిళా సదస్సు పెట్టింది. అక్కడికి ఘానా నుంచి ఎస్తర్ ఓక్లూ వచ్చింది. చదువు ముగించిన కొత్తలో మేనత్త ఇచ్చిన 10 షిల్లింగులతో నారింజలు, పంచదార కొని, డజను సీసాల మార్మలేడ్ కాచి రోడ్డు పక్కన అమ్మిన మనిషి ఆవిడ. ఆ సీసాల నుంచే న్కులేను ఇండస్ట్రీస్ అన్న ఆహార పరిశ్రమ ఎదిగింది. తాను చదివిన అచిమోటా స్కూలుకూ, తర్వాత సైన్యానికీ సరుకు సరఫరా చేసే కాంట్రాక్టులు సంపాదించి, కాంట్రాక్టు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుంది. అంటే ఓక్లూకు జామీను నిలబడింది ఒక కాంట్రాక్టు కాగితం. అక్రా బజార్లలో చేపలు, బట్టలు అమ్మే ఆడవాళ్లకు అలాంటి కాగితం ఎవరిస్తారు? న్యూయార్క్ నుంచి మిఖేలా వాల్ష్ వచ్చింది. షేర్ల దళారీ సంస్థ మెరిల్ లించ్‌లోనూ, రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్‌లోనూ పనిచేసి, డబ్బు ఏ దారుల్లో నడుస్తుందో తెలుసుకున్న మనిషి. అహ్మదాబాద్ నుంచి ఇలా భట్. ఆవిడ బ్యాంకుకు అప్పటికి ఏడాది వయసు.

ఒకరు బజారు, ఒకరు వాల్ స్ట్రీట్, ఒకరు యూనియన్. సదస్సులో తీర్మానాలు చాలానే వచ్చాయి. ఆడవాళ్ల చేతికి పెట్టుబడి ఎలా వస్తుందన్న ప్రశ్నకు మాత్రం తీర్మానంతో పని జరగదని వీళ్లకు తెలుసు. ఇంటికెళ్లాక కూడా ఉత్తరాలు, సమావేశాలు నడిచాయి. 1979లో డచ్ చట్టం కింద ఒక ఫౌండేషన్‌గా విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ రిజిస్టరయింది. ఓక్లూ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. వాల్ష్ సంస్థకు తొలి ప్రెసిడెంటు, 1990 దాకా ఆవిడే. ఇలా భట్ 1984 నుంచి 1988 దాకా బోర్డు అధ్యక్షురాలు.

పేరులో బ్యాంకింగ్ ఉంది గానీ ఆ సంస్థ మొదట్లో ఎవరికీ నేరుగా అప్పులివ్వలేదు. జామీను నిలబడింది. దాని లెక్క చాలా తేలిక. ఏ దేశంలోనైనా అక్కడి ఆడవాళ్లు ఒక సంస్థ పెట్టుకోవాలి. అక్కడి బ్యాంకు ఆ సంస్థ మాట మీద అప్పులివ్వాలి. అప్పు మునిగిపోతే నూటికి 25 బ్యాంకు భరించాలి, 25 స్థానిక సంస్థ భరించాలి, మిగతా 50 ప్రపంచ సంస్థ భరిస్తుంది. బ్యాంకుకు పూర్తి హామీ ఇస్తే అది ఎవరికిస్తున్నామో చూడదు. అసలు హామీ లేకపోతే ఇవ్వనే ఇవ్వదు. అందుకని దానికీ కొంత పోవాలి. స్థానిక సంస్థకూ కొంత పోవాలి, అప్పుడే మనిషిని ఎరిగి సిఫారసు చేస్తుంది. ఆ లెక్కతో మొదట నడిచిన చోట్లలో కొలంబియాలోని కాలీ నగరం ఒకటి. అక్కడి సంస్థ ఎదిగి ఎదిగి చివరకు పూర్తి స్థాయి బ్యాంకే అయింది.

ఆ లెక్కలో అహ్మదాబాద్ జాడ నాకు స్పష్టంగా కనిపించింది. జాతీయ బ్యాంకుల గడపలో సేవా మధ్యవర్తిగా నిలబడి పడిన పాట్లన్నీ అందులో ఉన్నాయి. నాలుగు వేలమంది పదేసి రూపాయల వాటా ఉంది. కష్టపడేది ఒకరు, నష్టపడేది మాత్రం అందరూ కలిసి. మూటలు మోసేవాళ్లకు సేటు మాటను కార్డు మీద అచ్చువేసి ఇచ్చినట్టే, ఏ ఆధారమూ లేని మనిషికి కాగితం మీద ఒక అండ.

1980ల మొదట్లోనే ఈ ప్రపంచ సంస్థకు అనుబంధంగా ఫ్రెండ్స్ ఆఫ్ విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ అనే సంస్థ అహ్మదాబాద్‌లోనే వచ్చింది. అది దేశంలో కొత్తగా పుడుతున్న చిన్న రుణ సంస్థలకు టోకుగా డబ్బు సమకూర్చే పనిలోకి దిగింది. ఈలోగా బంగ్లాదేశ్‌లో 1976లో మొదలైన ప్రయోగం 1983లో గ్రామీణ్ బ్యాంకు అయింది. గుంపులో ఒకరికొకరు పూచీ అన్న పద్ధతి దేశదేశాలకూ పాకింది. న్యూయార్క్ సంస్థ కూడా క్రమంగా జామీను పని తగ్గించి, ఈ సంస్థల గుంపుకు శిక్షణ, సలహా, పెట్టుబడి సమకూర్చే పనికి మారింది. అప్పులిచ్చేవాళ్ల సంఖ్య వేలకు, తీసుకునేవాళ్ల సంఖ్య కోట్లకు చేరింది.

ఇక్కడికొచ్చేసరికి తెలుగువాడు అహ్మదాబాద్‌లో కూర్చుని సొంత ఊరి గురించి ఆలోచించక తప్పదు. నవజీవన్ దాటి వచ్చే నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఉంది. 1990ల మొదట్లో సారా కొట్లు మూయించిన ఆడవాళ్లే, మొగుళ్లు తాగుడుకు పోసే డబ్బును రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాల్లోకి మళ్లించారు. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు ఆ రోజుల్లోనే వేళ్లూనాయి. సొంత రూపాయి ముందు, అప్పు వెనక. మాణెక్ చౌక్ బాటా అదే. తర్వాత అప్పుల కంపెనీలు వచ్చాయి. పొదుపు లేదు, వాటా లేదు. గుంపుగా కూర్చోబెట్టి, ఒకరికొకరు పూచీ రాయించుకుని, వారం వారం వసూలు. ఒకే మనిషికి మూడు నాలుగు కంపెనీల అప్పు. 2010 ఆగస్టులో హైదరాబాద్‌లోని అన్నిటికన్నా పెద్ద కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్లోకి వచ్చాయి. అదే ఏడాది పల్లెల నుంచి వేధింపుల వార్తలు, ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కంపెనీల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, ఇళ్ల మీదికి వెళ్లి వసూలు చేయడాన్ని కట్టడి చేసింది. వారం కిస్తీలు పోయి నెల కిస్తీలు వచ్చాయి. వసూళ్లు ఆగిపోయాయి, చాలా కంపెనీలు కుప్పకూలాయి.

అప్పట్లో ఈ గొడవ గురించి మాట్లాడినవాళ్లందరూ వడ్డీ రేటు గురించి మాట్లాడారు. వడ్డీ సంగతి నిజమే. కానీ ఎల్లిస్ బ్రిడ్జి దగ్గర సాయంత్రం నిలబడి, 1892 నాటి ఇనుప కమానుల కింద నర్మద నీళ్లు నిండిన సబర్మతిని చూస్తూ నేను లెక్కపెట్టుకున్నది వేరే. విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్ తొలినాళ్ల ఒప్పందంలో అప్పు మునిగితే బ్యాంకుకు 25, సంస్థకు 25, ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకు 50 పోయేది. 2010లో ఏలూరు దగ్గరో, భువనగిరి దగ్గరో ఒక గుంపులో ఒకావిడ కిస్తీ కట్టలేకపోతే వచ్చేది పక్కింటావిడ మీదికి. నష్టాన్ని మొదట మోసేది అందరిలోకీ పేదవాళ్లే. జామీను కాగితం పైవాళ్ల దగ్గర నుంచి జారి, జారి, గుంపులో చాప మీద కూర్చున్న ఐదుగురి ఒళ్లో పడింది. సిరిసిల్ల ఆయన చెప్పిన 'ఊరోనికి ఊరోడే జామీను' అన్న పాత పద్ధతికే కంపెనీలు కంప్యూటరు బిల్లు తగిలించాయి. పుట్టినప్పుడు ఈ ఉద్యమం మార్చాలనుకున్నది సరిగ్గా ఆ పద్ధతినే.

ఇలాబెన్ 2022 నవంబరులో పోయారు. చివరి దాకా ఖద్దరు చీర, చిన్న ఇల్లు. బ్రిడ్జి దగ్గర నిలబడిన మర్నాడు ఆవిడ పెట్టిన బ్యాంకు శాఖలో కాసేపు కూర్చున్నాను. కౌంటర్ల అవతల ఆడవాళ్లు, ఇవతల ఆడవాళ్లు. ఒకావిడ పది రూపాయల నోట్లు, నాణేలు గుడ్డలోంచి విప్పి కౌంటరు మీద పోసింది. గుమాస్తా అమ్మాయి విసుక్కోకుండా పదేసి దొంతరలు పెట్టి లెక్కపెట్టింది. ఈ దృశ్యాన్ని ఎవరైనా గొప్పగా చెప్పుకోవచ్చు. నేను మాత్రం ఆ అమ్మాయి జీతం గురించి ఆలోచించాను. ఆ నాణేలు లెక్కపెట్టడానికి పట్టే సమయం బ్యాంకుకు ఖర్చే. ఆ ఖర్చు భరించడానికి సిద్ధపడ్డ సంస్థే పేదవాళ్ల బ్యాంకు అవుతుంది. ఆ సమయం మిగుల్చుకోవడానికి మూడు ఊళ్లకు కలిపి ఒక వసూలు కుర్రాణ్ని మోటారు సైకిలెక్కించినది వేరే రకం వ్యాపారం అవుతుంది. రెండిటికీ ఇంగ్లీషులో మైక్రోఫైనాన్స్ అని ఒకటే పేరు పెట్టడం వల్ల మన దగ్గర చాలా గందరగోళం జరిగింది.

ఈ రోజు మన ఊళ్లలో ఫైనాన్సు కంపెనీలు మళ్లీ తిరుగుతున్నాయి. ఫోన్లో ఆధార్ నంబరు కొడితే నిమిషాల్లో అప్పులిచ్చే యాప్‌లు వాటికి తోడయ్యాయి. వడ్డీ ఎంత అని అడగడం అందరికీ వచ్చు, దానికి జవాబును సాగదీసి చెప్పడం వాళ్లకూ వచ్చు. మన ఇంటి ఆడవాళ్లు ఇంకొక ప్రశ్న అడగడం నేర్చుకోవాలి. అయ్యా, నేను కట్టలేకపోతే నాకు పోయేది నాకు తెలుసు, నా పక్కింటి వదినకు పోయేదీ తెలుసు, నీకెంత పోతుంది? మెక్సికోలో కలిసిన ఆ ముగ్గురు తర్వాత ఈ ప్రశ్నకు నూటికి ఇంత అని అంకె వేసి, కాగితం మీద రాసి చూపించారు. ఏమీ పోదు అని జవాబు వస్తే, ఆ అప్పు ఎంత చవకగా కనబడ్డా తీసుకోనక్కర్లేదు.